బీపీ గోలీలు కిడ్నీలను ఖరాబు చేస్తాయా?

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో బీపీ మాట ఎత్తగానే చాలామంది నోట వినపడేది ఇదే: "ఆ గోలీలు ఒక్కసారి మొదలుపెడితే జిందగీ అంతా మింగుడే. ఆఖరికి కిడ్నీలు ఖరాబైతయ్." ఈ భయంతోనే పల్లె దవాఖానలో ఉచితంగా ఇచ్చిన గోలీలు కూడా అల్మారాలో మూలుగుతుంటాయి. తల తిరిగిన రోజు ఒకటి వేసుకుంటారు, తగ్గగానే మానేస్తారు. కిడ్నీలు పాడవడం మాత్రం నిజమే. వాటిని పాడుచేసేది అదుపు తప్పిన బీపీ. అయినా నెపం గోలీ మీదికే పోతుంది. అందుకు కొన్ని కారణాలున్నాయి, అవి తెలియాలంటే ముందు కిడ్నీ లోపలి పని తెలియాలి.

గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో ఐదో వంతు, అంటే లీటరు దాకా, పిడికిలంతేసి ఉండే రెండు కిడ్నీలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత యూనిట్లు ఉంటాయి, వాటినే నెఫ్రాన్లంటారు. ప్రతి నెఫ్రాన్‌కు మొదట్లో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు ఉండచుట్టుకొని ఉంటాయి. ఆ ఉండ పేరు గ్లోమెరులస్. దానిలోకి రక్తం ఒక చిన్న ధమని గుండా వస్తుంది, ఇంకో చిన్న ధమని గుండా బయటికి పోతుంది. ఒంట్లో మిగతా చోట్ల సన్న నాళాలు దాటాక రక్తం సిరలోకి జారిపోతుంది. ఇక్కడ మాత్రం బయటికి పోయే దారిలో కూడా బిగించగల ధమనే ఉంది. అందుకే గ్లోమెరులస్‌లో ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలోనే 50 నుంచి 60 దాకా నిలుస్తుంది, మిగతా సన్న నాళాల్లో దాదాపు సగమే. ఆ ఒత్తిడే రక్తంలోని నీటిని, వ్యర్థాలను జల్లెడ గుండా నెడుతుంది. రోజుకు 180 లీటర్లు వడకడితే అందులో 178 లీటర్ల దాకా తిరిగి రక్తంలోకే చేరుతుంది. మూత్రంగా బయటికి వచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లే.

ఒత్తిడితోనే బతికే అవయవం కాబట్టి, ఒత్తిడి పెరిగితే మొదట దెబ్బతినేవాటిలో ఇదీ ఒకటి. లోపలికి వచ్చే చిన్న ధమని చెరువు తూము షట్టర్‌ లాంటిది. చెరువు నిండితే షట్టర్ దించుతాం, నీళ్లు తగ్గితే ఎత్తుతాం, కాలువలో పారకం మాత్రం ఒకే తీరుగా ఉంచుతాం. కోపం వచ్చినా, మెట్లెక్కినా, బరువెత్తినా బీపీ ఎగుస్తుంది, అయినా గ్లోమెరులస్‌లో ఒత్తిడి కదలకుండా ఆ ధమని బిగుసుకుని కాపాడుతుంది. ఈ కాపలా కొంత హద్దు దాకానే పనిచేస్తుంది. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ 150, 160 మీద నడిస్తే బిగుసుకుని బిగుసుకుని ధమని గోడ మందమవుతుంది. రక్తంలోని ప్రొటీన్ గోడలోకి ఊరి గాజులా గట్టిపడుతుంది. కండర కణాలు చచ్చి, నాళం సాగే గుణం పోతుంది.

అక్కడి నుంచి ఒకే కిడ్నీలో రెండు రకాల నష్టం మొదలవుతుంది. కొన్ని నెఫ్రాన్లకు వచ్చే ధమని పూర్తిగా ఇరుకై రక్తం అందదు. అవి ఎండి, ముడుచుకుని, మచ్చగా మారతాయి. ఇంకొన్నింటికి ధమని గట్టిపడినా తెరుచుకునే ఉండిపోతుంది, బిగించే శక్తి మాత్రం పోతుంది. పై ఒత్తిడంతా నేరుగా గ్లోమెరులస్ మీద పడుతుంది. చచ్చిపోయిన నెఫ్రాన్ల పని కూడా బతికున్నవే మోయాలి కాబట్టి వాటిలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. జల్లెడను బయటి నుంచి పట్టుకుని ఉండే కణాలను పోడోసైట్లంటారు. అవి ఊడిపోతే వాటి చోటు నింపేంతగా కొత్తవి పుట్టవు. అవి ఊడిన చోట జల్లెడ కళ్లు పెద్దవై ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. జారిన ప్రొటీన్ దాని కిందున్న గొట్టాలను వాపెక్కించి అక్కడా మచ్చలు చేస్తుంది. కాబట్టి మూత్రంలో ప్రొటీన్ పోవడం జబ్బుకు గుర్తే కాదు, జబ్బును ముందుకు తోసేది కూడా.

రక్తం అందని నెఫ్రాన్లు ఊరుకోవు. ఒంట్లో బీపీ పడిపోయిందనుకుని రెనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది ఒళ్లంతా రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పును, నీటిని ఒంట్లో ఆపేస్తుంది. అంతేకాక గ్లోమెరులస్ నుంచి బయటికి పోయే ధమనిని మరీ ఎక్కువగా బిగిస్తుంది. వచ్చే దారి తెరుచుకుని, పోయే దారి బిగుసుకుంటే మధ్యలో ఒత్తిడి ఎంతకు చేరుతుందో ఊహించవచ్చు. బీపీ కిడ్నీని చెడగొడుతుంది, చెడ్డ కిడ్నీ బీపీని పెంచుతుంది. ఏది ముందు మొదలైందో చాలా కేసుల్లో తేల్చడం కష్టం. ముప్పై ఏళ్లు దాటకముందే బీపీ బయటపడితే మాత్రం ముందు అనుమానించాల్సింది కిడ్నీనే.

ఇదంతా సాగడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. కిడ్నీ జబ్బంటే నడుము నొప్పి అనుకుంటారు, కానీ బీపీ చేసే నష్టంలో నడుము నొప్పి రాదు. ముందుగా కనపడగలవి రెండే. ఒకటి, రాత్రిపూట రెండు మూడు సార్లు మూత్రానికి లేవడం. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీకి తగ్గినందువల్ల ఇలా అవుతుంది, మనవాళ్లు షుగర్ అనో వయసు అనో సరిపెట్టుకుంటారు. రెండోది, మూత్రంలో నురుగు నిలవడం. కాళ్ల వాపు, ఆయాసం, ఆకలి పోవడం, వాంతులు, రక్తం తగ్గిపోవడం చాలా ఆఖర్న వస్తాయి. దీనికి మినహాయింపు ఒక్కటుంది. బీపీ 180/120 దాటి, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే నష్టం ఏళ్లలో కాదు, రోజుల్లోనే జరుగుతుంది. అప్పుడు పొద్దున దాకా ఆగకుండా పెద్ద దవాఖానకు పోవాలి.

రిపోర్టులో 'నార్మల్' అని ఉన్నా

"క్రియాటినిన్ 1.2 ఉంది, నార్మలే" అన్న మాట చాలామందికి ఊరటనిస్తుంది. ల్యాబు కాగితం మీద 0.6 నుంచి 1.2 దాకా మామూలు అని అచ్చేసి ఉంటుంది కూడా. అయితే క్రియాటినిన్ కండ నుంచి పుట్టే వ్యర్థం, దాన్ని కిడ్నీలే వడకట్టి బయటికి పంపాలి. కండ ఎక్కువున్న పాతికేళ్ల పిల్లగాడికి 1.2 ఫరవాలేదు. అరవై ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 వస్తే, ఇప్పుడు వాడుతున్న సూత్రం ప్రకారం ఆమె కిడ్నీల వడపోత నిమిషానికి దాదాపు 52 మిల్లీలీటర్లే. అది అలాగే నిలిస్తే ఆమె అప్పటికే కిడ్నీ జబ్బు మూడో దశలో ఉన్నట్టు. క్రియాటినిన్ 1.4 అయితే ఆమెకు వడపోత 43, అదే 1.4 ఉన్న ముప్పై ఏళ్ల మగమనిషికి 69. బక్కపలచని కూలి తల్లికి అసలు సంఖ్య ఇంకా తక్కువే ఉండొచ్చు. సగం దాకా వడపోత పోయేవరకు క్రియాటినిన్ పెద్దగా కదలదు. అందుకే రిపోర్టులో క్రియాటినిన్‌ పక్కనే ఈజీఎఫ్ఆర్, అంటే లెక్కగట్టిన వడపోత, ఎంతో అడగాలి. 90 పైన ఉంటే మంచిది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు మించి నిలిస్తే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. 15 కన్నా తక్కువకు వస్తే డయాలిసిస్ గురించి ఆలోచించాల్సిన దశ. నలభై దాటాక ఎవరికైనా ఏడాదికి ఒక పాయింటు దాకా తగ్గుతుంది. ఏడాదికి ఐదు దాటి జారుతుంటే జబ్బు వేగంగా పోతున్నట్టు.

క్రియాటినిన్ కన్నా ఏళ్ల ముందే చెప్పగలిగేది మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. దాన్ని ఏసీఆర్ (ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి) అంటారు. పొద్దున లేవగానే పట్టిన మొదటి మూత్రం చాలు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే జల్లెడ దెబ్బతినడం మొదలైంది. 300 దాటితే వేగం పెరిగింది. మూత్రంలో పట్టీ ముంచి రంగు చూసే మామూలు పరీక్ష 30-300 మధ్యనున్న లీకేజీని తరచుగా పట్టుకోదు, "నిల్" అనే రాస్తారు. జ్వరం ఉన్నా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, నెలసరి రోజుల్లో, ముందు రోజు బాగా ఒళ్లు వంచి పనిచేసినా ఏసీఆర్ అబద్ధంగా పెరుగుతుంది. అందుకే మూడు నెలల్లో రెండు మూడు సార్లు చేసి చూసుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి. బీపీ గోలీల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా ఈ మూత్ర పరీక్ష మీద పెట్టకపోవడం మన దగ్గర అన్నిటికన్నా పెద్ద లోపం.

నింద గోలీ మీద ఎందుకు పడింది

పదేళ్లుగా బీపీ ఉన్న మనిషికి అది పదకొండో ఏట బయటపడుతుంది. గోలీ మొదలుపెడతారు, రెండేళ్లకు రక్తపరీక్షలో క్రియాటినిన్ 3 అని వస్తుంది. ఊళ్లో లెక్క తేలిపోతుంది: గోలీ ముందు, కిడ్నీ తర్వాత, కాబట్టి గోలీయే కారణం. ముందున్న పదేళ్లు ఎవరికీ కనపడలేదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అమ్లోడిపిన్ అనే బీపీ గోలీ వాడేవాళ్లలో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. ఆ గోలీ సన్న నాళాలను వదులు చేయడం వల్ల నీరు కింద చేరుతుంది, కిడ్నీతో దానికి సంబంధం లేదు. డోసు తగ్గిస్తేనో, తెల్మిసార్టన్ అనే ఇంకో బీపీ మందు తోడు చేస్తేనో చాలామందికి తగ్గుతుంది. కానీ వాపు చూడగానే "కిడ్నీ పోయింది" అనుకుని గోలీ మానేస్తారు, బీపీ మళ్లీ 170కి ఎక్కుతుంది.

అసలు చిక్కు తెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటి మందులతో వస్తుంది. ఇవి యాంజియోటెన్సిన్ పనిని అడ్డుకుంటాయి. బయటికి పోయే ధమని వదులవుతుంది, గ్లోమెరులస్‌లో ఒత్తిడి దిగుతుంది, ఆల్బుమిన్ లీకేజీ తగ్గుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు కిడ్నీని కాపాడటంలో ముందు వరుస మందులివే. అయితే ఒత్తిడి దిగినప్పుడు వడపోత కూడా కొంచెం దిగుతుంది, క్రియాటినిన్ కొంచెం ఎక్కుతుంది. 1.5 ఉన్నది 1.8 అయితే అది మందు పనిచేస్తున్న గుర్తు. పెరుగుదల 30 శాతం లోపు ఉండి అక్కడే నిలిస్తే మందు ఆపకూడదు. అంతకు మించి పెరిగితే ఎక్కడో తేడా ఉంది: ఒంట్లో నీరు తక్కువైంది, నొప్పుల గోలీలు వాడుతున్నారు, లేదా కిడ్నీకి పోయే పెద్ద ధమనులే ఇరుకయ్యాయి. పొటాషియం కూడా పెరగొచ్చు. కాబట్టి ఈ మందు మొదలుపెట్టినా, డోసు పెంచినా రెండు నుంచి నాలుగు వారాల్లోపు క్రియాటినిన్, పొటాషియం చూసుకోవాలి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఈ మందులు వాడకూడదు.

నిజంగా కిడ్నీలను ఖరాబు చేసే గోలీలు వేరే ఉన్నాయి, వాటి మీద ఎవరికీ అనుమానం రాదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల గోలీలు, సూదులు అవే. కిడ్నీ ఇబ్బందిలో ఉన్నప్పుడు లోపలికి వచ్చే ధమనిని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోనే పుట్టే రసాయనాలు. ఈ గోలీలు వాటినే ఆపేస్తాయి. పైగా ఉప్పును ఒంట్లో నిలిపి బీపీ పెంచుతాయి, బీపీ మందు బలాన్ని తగ్గిస్తాయి. తెల్మిసార్టన్, మూత్రం గోలీ (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేది), నొప్పుల గోలీ మూడూ ఒకేసారి ఒంట్లో ఉండి, దానికి ఎండదెబ్బో విరేచనాలో తోడైతే, రెండు మూడు రోజుల్లోనే కిడ్నీ మొండికేయొచ్చు.

ఈ విషయం నల్లగొండకు వేరే ఊళ్లకన్నా ఎక్కువ వర్తిస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వంటి మండలాల్లో దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చినా, ఎముకలోకి చేరిన ఫ్లోరైడ్ పోలేదు, నొప్పీ పోలేదు. ఆ నొప్పికి రోజుకు రెండు గోలీలు పదేళ్లు, ఇరవై ఏళ్లు మింగినవాళ్లున్నారు. ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగాన్ని బయటికి పంపేది కిడ్నీలే. కిడ్నీ నెమ్మదిస్తే ఫ్లోరైడ్ ఒంట్లోనే నిలుస్తుంది. బీపీతో కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఎముకల మీద భారం ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్లకు నొప్పికి పారాసిటమాల్ మేలు, పైన రాసుకునే మందు మేలు, కాపడం మేలు. నొప్పుల సూది వేసే ముందు "నాకు బీపీ ఉంది, కిడ్నీ పరీక్ష చేయాలి" అని రోగే చెప్పాలి, ఎందుకంటే అవతలివాళ్లు అడగరు.

నీరసమనగానే సెలైన్ సీసా ఎక్కించుకోవడం కూడా ఇలాంటిదే. అర లీటరు నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్లు రోజంతా కలిపి తినాల్సిన ఉప్పు 5 గ్రాముల లోపు. వాంతులు, విరేచనాలు లేకుండా ఊరికే నీరసానికి రెండు సీసాలు ఎక్కించుకున్న బీపీ మనిషి ఆ పూటే రెండు రోజుల ఉప్పు రక్తంలోకి తీసుకున్నట్టు.

ఉప్పు ఎక్కడుంది

జొన్న రొట్టెలో చాలా ఇళ్లలో ఉప్పు వేయరు, వేసినా చిటికెడే. రొట్టెకు పెట్టుకునే తొక్కులో, ఆవకాయలో, పచ్చిపులుసులో, అప్పడాల్లో ఉంటుంది అసలు ఉప్పు. ఇంటి లెక్క తీయడం తేలిక. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ నెలలో అయిపోతే మనిషికి రోజుకు 8 గ్రాములు పడ్డట్టు. పచ్చళ్లు, బయటి మిర్చీ బజ్జీలు, మిక్చర్లు దాని మీద అదనం. నెలకు 600 గ్రాముల లోపు సరిపోతే లెక్క కుదిరినట్టు. ఉప్పు తగ్గించకుండా తెల్మిసార్టన్ ఒక్కటే వాడితే ఆల్బుమిన్ లీకేజీ మీద దాని పని సగం చచ్చుబడుతుంది, అందుకే ఈ లెక్కకు ఇంత విలువ. రాళ్ల ఉప్పు, సైంధవ లవణం అంటూ మార్చినా సోడియం దాదాపు అంతే ఉంటుంది. "లో సోడియం" ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మామూలు బీపీకి అది మంచిదే కానీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకూ తెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్లకూ డాక్టర్‌ను అడగకుండా వద్దు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కొలత, మందు, వలస

2017లో మొదలైన జాతీయ హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందుకే మందులు ఊరి దాకా వస్తున్నాయి. మందు దొరకడం ఇప్పుడు సమస్య కాదు. కొలత సరిగ్గా ఉండటం, మందు తెగకుండా ఉండటం సమస్య. ఇంట్లో చూసుకునేటప్పుడు చాయ్, బీడీ మానేసి అరగంట ఆగాలి. మూత్రానికి పోయి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీద చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయాలి. పొద్దున గోలీకి ముందు, రాత్రి పడుకునే ముందు, వారం పాటు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇంట్లో సగటు 135/85 దాటితే అది బీపీయే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నవాళ్లకు 130/80 లోపు ఉంచడం లక్ష్యం, తట్టుకోగలిగితే ఇంకా దిగువకు. చాలామందికి ఒక గోలీతో ఇది దొరకదు, రెండు మూడు రకాలు కావాలి. మూడు మందులు రాశారని జబ్బు ముదిరిందనుకోవద్దు. పరగడుపున రక్తపరీక్ష ఉన్న రోజు కూడా బీపీ గోలీ గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. ఆ రోజు మానేసి దవాఖానకు పోతే డాక్టర్‌కు తప్పుడు బీపీ కనపడి డోసు పెరుగుతుంది.

పాలమూరు నుంచి ముంబై, పూణే, హైదరాబాద్‌లకు కట్టడం పనికి పోయేవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఊళ్లో ఇచ్చే గోలీలు నెలకు సరిపోతే పని ఆరు నెలలుంటుంది. పోయే ముందే రెండు మూడు నెలల మందు అడిగి తీసుకోవాలి. గోలీల పేర్లు, డోసు రాసిన చీటీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే ఏ రాష్ట్రంలోనైనా సర్కారు దవాఖానలో చూపించవచ్చు. స్లాబు మీద ఎండలో పనిచేసి, నీళ్లు సరిగ్గా దొరకక, రాత్రి ఒళ్లు నొప్పులకు గోలీ వేసుకునే బతుకులో కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండీ నీళ్లూ నిలవని రోజుల్లో తెల్మిసార్టన్, రామిప్రిల్ రకం మందులు, మూత్రం గోలీలు, షుగర్ ఉంటే మెట్‌ఫార్మిన్ ఆపి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మామూలుగా తిని తాగడం మొదలైన 24 నుంచి 48 గంటల్లో మళ్లీ మొదలుపెట్టాలి. ఆపడం అందరికీ గుర్తుంటుంది, మొదలుపెట్టడమే మరిచిపోతారు.

ఈజీఎఫ్ఆర్ 30 కన్నా దిగువకు వచ్చినవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. డయాలిసిస్ అవసరమైతే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు రక్తం మిషన్ గుండా తిరగాలి. ఖర్చు ఆరోగ్యశ్రీ భరించినా బస్సు, కూలి రోజు ఇంటివాళ్లే భరించాలి. మిషన్‌కు రక్తం ఇచ్చే దారిని చేతి ధమనికి సిరను కలిపి చేస్తారు, అది ముదరడానికి వారాలు, నెలలు పడుతుంది. దానికి మంచి సిరలు కావాలి. కాబట్టి కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమ ముంజేతిని ఇప్పటి నుంచే కాపాడుకోవాలి. రక్తం తీయాలన్నా, సెలైన్ పెట్టాలన్నా ఆ ముంజేతిలో సూది గుచ్చనివ్వకుండా అరచేతి వెనక వైపున పెట్టమని అడగాలి.